బట్టీ గుంతలో చప్పరింపు

గోపాల్‌పేట దాటాక, యోహాను ఇంటి వెనక, ఇటుకల బట్టీవాళ్లు మట్టి తవ్వి వదిలేసిన గుంత ఒకటుంది. పొద్దుగూకితే అటువైపు మేకలు కూడా పోవంటారు. బట్టీలో పనిచేసే జంగమ్మ ఆకలితో అక్కడే కన్నుమూసిందట. అప్పటినుంచి అక్కడే... తిరుగుతుందట.

చేపల గుంత తవ్వే ఖర్చు తప్పిందని యోహాను మాత్రం సంబరపడ్డాడు. టార్పాలిన్ పరిచి, బోరు నీళ్లు నింపి, రవ్వ, బొచ్చె చేపపిల్లల్ని వదిలాడు. అవి చేతికొస్తే ఈ ఏడాది భార్యాభర్తలు పూణెకు మట్టిపనికి పోనక్కర్లేదు. పదేళ్లు పరాయి ఊళ్లో ప్లాస్టిక్ కవర్ల కింద పడుకున్న మనిషికి... సొంత కప్పు కింద నిద్రంటే ప్రాణం లేచొచ్చేది.

చేపలు జానెడయ్యాయి. ఒకనాడు కోడి కూయకముందే లేచి, పెరట్లోకి పోయాడు.

చప్... చప్... చప్...

ఒక నోరు కాదు. వంద నోళ్లు! నీళ్ల మీద తెల్లగా తెరుచుకుంటూ, మూసుకుంటూ...

ఒక్క ఉరుకున ఇంట్లో పడ్డాడు.

"ఆకలితోని పోయిన పానం గదా బిడ్డా," అంది పక్కింటి మణెమ్మ గుసగుసగా. "ఓ ముద్ద ఎయ్యరాదూ!"

యోహాను ఆదివారం తప్పకుండా చర్చికి పోయేవాడే. అయినా భయం మతం అడుగుతుందా? నోట్లో ప్రభువు పేరు, చేతిలో అన్నం ముద్ద. గుంతలో వేశాడు. మర్నాటికి చప్పరింపు రెట్టింపు! రెండు ముద్దలు వేశాడు. ఇంకా పెరిగింది. చివరికి గిన్నెడు.

"మనకు లేకున్న దానికి పెడ్తుండవ్!" అని భార్య పార్వతమ్మ నెత్తి కొట్టుకుంది.

ఐదోనాడు నాలుగు చేపలు చచ్చి తేలాయి. ఆ రాత్రి యోహాను గిన్నెతో గట్టెక్కాడు. కాలు జారింది... ధబేల్మని నీళ్లలో పడ్డాడు. "ప్రభువా! జంగమ్మా!" అని ఇద్దర్నీ పిలుస్తూ, నడుములోతు నీళ్లలో కాళ్లూ చేతులూ తపతపా కొట్టాడు. పార్వతమ్మ చీర కొంగందించి లాగేసరికి... చప్పరింపు ఆగిపోయింది.

పొద్దున చేపపిల్లలమ్మిన మహిపాల్ వచ్చి, నీళ్లు వాసన చూసి తల పట్టుకున్నాడు.

"దయ్యం లేదు, పాడు లేదు. అసలే గుంత నిండ చాపలాయె. మీదికెళ్లి అన్నం కుళ్లి, నీళ్లల్ల గాలి లేకుంటయింది. గాలికే అవి నోర్లు తెరుస్తున్నయ్. రాత్రి నువ్వు కొట్టుకుంటివి, అవి బతికినయ్. నీళ్లల్లకు గాలి కొట్టే మిషన్ కొనలేవు గద, దినాం తెల్లారక ముందు దిగి నీళ్లు కొట్టు!"

ఆ రోజునుంచి మొగుడూ పెళ్లాం వంతులేసుకుని నీళ్లు కొట్టారు. చేపలు కోలుకున్నాయి.

ఒకనాడు వనపర్తిలో చుట్టాల ఫంక్షన్‌కు పోయారు. తిరిగొస్తుంటే దారిలో ఆటో చెడిపోయింది. నడిచి నడిచి ఊరు చేరేసరికి రాత్రి మూడు దాటింది.

"ఈపాటికి అన్నీ సచ్చే ఉంటయ్... మళ్ల పూణెనే మనకు," అని పార్వతమ్మ ఏడుస్తూనే ఉరికింది.

పెరటి తడిక దగ్గర ఇద్దరూ ఆగిపోయారు.

తప్... తప్... తప్...

వెన్నెల్లో గుంత స్పష్టంగా కనబడుతోంది. నీళ్లు ఎగురుతున్నాయి, నురగలు కక్కుతున్నాయి. చేపలు చల్లగా అడుగునే ఉన్నట్టున్నాయి, ఒక్క నోరూ పైకి లేదు. కానీ ఆ నీళ్లు కొట్టేవాళ్లు... ఎవరూ లేరు.

యోహానుకు గొంతు దాకా కేక వచ్చింది. పార్వతమ్మ గబుక్కున అతని నోరు మూసింది.

"అరువకు..." అంది చెవిలో. "తెల్లారేదాంక కొట్టనియ్యి."