పెర్త్ నుంచి ఎన్ని గంటలు?

"పని చిన్నదే డార్సీ," అంది సిడ్నీ గూఢచారి విభాగం అధిపతి మౌరీన్. "విదేశాల్లో ఉన్న మన ఏజెంట్లందరి పేర్లూ ఒక చిప్‌లో ఉన్నాయి. అది ఇలోనా దగ్గరుంది. పెర్త్ ఆఫీసు నుంచి విట్కమ్ వస్తాడు. ఫెర్రీ రేవులో అతనికి అందిస్తుంది. వేరేవాళ్ళ చేతిలో పడిందో, మనవాళ్ళు ఒక్కరూ మిగలరు."

"నా వేషం?"

"మాంసం కూరి కాల్చిన పైలు అమ్మేవాడు. ఎర్ర సీసా జాగ్రత్త, అందులో ఉన్నది సాస్ కాదు, మత్తుమందు."

"విట్కమ్ వేషం?"

"ఇలోనాకి కొత్త మొగుడు."

డార్సీ ముఖం మాడిపోయింది. ఇలోనా డబుల్ ఏజెంట్. జీతం శత్రుముఠా దగ్గర, పని మౌరీన్ దగ్గర. ఆమె నవ్విందంటే రేవులో సగంమంది మగవాళ్ళు ఫెర్రీ ఎక్కడం మర్చిపోతారు. డార్సీ ఆమెని ప్రేమిస్తున్నాడని ఆమెకి తప్ప ఆఫీసులో అందరికీ తెలుసు.

మధ్యాహ్నం రేవులో పైల బండి వెనక నిలబడి డార్సీ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. విట్కమ్ ఆరడుగుల అందగాడు. ఇలోనా భుజం మీద చెయ్యి వేసినవాడు తీస్తే ఒట్టు.

"ఉప్పు లేని పై ఉందా?" అన్నాడు విట్కమ్.

"ఉప్పంతా సముద్రంలోనే వదిలేశాం."

కోడ్ సరిపోయింది. అదే డార్సీకి నచ్చలేదు.

"ప్రయాణం బాగా జరిగిందా గురూ?" అన్నాడు ఆ చెయ్యి వంకే చూస్తూ.

"ఏం బాగు గురూ. అయిదు గంటలు కూర్చుని నడుం పట్టేసింది. దారి పొడుగునా ఎదురుగాలి."

డార్సీ చేతిలో పటకారు ఆగిపోయింది. పెర్త్‌కీ సిడ్నీకీ మధ్య దూరం ఎటు వెళ్ళినా మూడువేల మూడువందల కిలోమీటర్లే. గంటలు మాత్రం ఒకటి కావు. అక్కడ పైగాలి పడమటి నుంచి తూర్పుకి తోస్తుంది. సిడ్నీ నుంచి వెళ్ళేటప్పుడు అయిదు గంటలు, పెర్త్ నుంచి వచ్చేటప్పుడు నాలుగు. ఆ మిగిలిన గంట గురించి పెర్త్ వాళ్ళు గొప్పలు పోకుండా ఉండలేరు. వీడెవడో వెళ్ళే విమానం లెక్క బట్టీపట్టి వచ్చాడు.

కాలర్‌లో దాచిన మైకులో గొణిగాడు. "మౌరీన్, వీడు నకిలీ. పెర్త్ నుంచి రాలేదు."

"ఇలోనాతో డాన్స్ చేసిన ముగ్గురినీ నకిలీలనే అన్నావు. అందులో ఒకాయన మన మంత్రిగారు. నోరు మూసుకుని పైలు అమ్ముకో."

డార్సీకి తన మీద తనకే అనుమానం వచ్చింది. ఈ మాట చెబుతున్నది బుర్రా, కడుపుమంటా? ఇంతలో ఇలోనా హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. చిప్ పైకి తీసింది. వాడు అరచెయ్యి చాచాడు. తన అనుమానం తప్పయితే ఉద్యోగం పోతుంది. నిజమైతే మనుషులు పోతారు.

ఎర్ర ప్లాస్టిక్ సీసా ఎత్తి, వాడి ముఖం మీదికి మందు చిమ్మేలా గట్టిగా నొక్కాడు. చిప్ వేలికి తగలబోతుండగా వాడు నిలువునా కూలాడు. కోటు లోపల రివాల్వర్, వేరే పేరుతో పాస్‌పోర్ట్ దొరికాయి. హోటల్ గదిలో కట్టేసి ఉన్న అసలు విట్కమ్‌ని మౌరీన్ మనుషులు విడిపించి తీసుకొచ్చారు.

"ఎలా కనిపెట్టావు డార్సీ?" ఇలోనా మొట్టమొదటిసారి అతన్ని కళ్ళారా చూసింది.

డార్సీ నోరు తెరిచేలోగా అసలు విట్కమ్ కారు దిగాడు. నకిలీవాడి కన్నా పొడుగు, పైగా బుగ్గన సొట్ట. ఇలోనా చూపు అటు తిరిగింది.

"పెర్త్ నుంచి ఎన్ని గంటలు పట్టింది?" డార్సీ కటువుగా అడిగాడు.

"నాలుగే గురూ. వెనకగాలి, తోసుకుంటూ తెచ్చేసింది."

ఆ జవాబులో ఒక్క తప్పయినా దొరుకుతుందేమోనని డార్సీ చాలాసేపు వెతికాడు.