క్షమించినవాడి చెరువు

ఏలూరులో డిటెక్టివ్ మాణిక్యం ఆఫీసు తలుపు తీసీ తియ్యకముందే వెంకాయమ్మ దూసుకొచ్చి, తువ్వాలులో చుట్టి తెచ్చిన చచ్చిన శీలావతి చేపను బల్లమీద పెట్టింది. అసిస్టెంటు అఖిల ముక్కు మూసుకుంది.

"కాపలా ఉన్న మా అబ్బాయి హరీషే చెరువులో విషం కలిపాడంటండీ! పోలీసులు పట్టుకుపోయారు. సాయంత్రం కోర్టులో పెడతారంట." ఆమె చేపను మాణిక్యం ముందుకు తోసింది. "చెరువుగల రాజరత్నం గారు ఊరందరి ముందూ మావాణ్ణి డుప్లిసిటీ అన్నారండి. పిల్లలు కూడా ఆ మాటతోనే వెక్కిరిస్తున్నారు. తిట్టాండీ అది?"

మాణిక్యం చేపను తిప్పి చూశాడు. కళ్లు తెల్లబడి గుంటపడ్డాయి. మొప్పలు పాలిపోయాయి.

"దీన్ని ఐసులో పెట్టారామ్మా?"

"ఐసెక్కడిదండీ! తెల్లారగట్ల నీళ్లమీంచి నేనే తీశాను."

"అబద్ధం ఎవడైనా ఆడతాడమ్మా. పైకి మేలు చేస్తూ లోపల గొయ్యి తవ్వే కపటానికే ఆ మాట వాడాలి. చేసిన మేలూ చూపించాలి, తవ్విన గొయ్యీ చూపించాలి. మీవాడు అలా నటించే రకమా?"

"వాడి మొహం! కోపమొస్తే ఎదురుగానే అనేస్తాడండి. మొన్న అయ్యగారితోనే తగువు పడ్డాడు."

"అయితే ఆ మాట వాడికి అతకదు. పద అఖిలా, ఎవరికి అతుకుతుందో చూద్దాం."

కైకలూరు దాటాక చెరువు గట్టుమీద రాజరత్నం కళ్లు తుడుచుకుంటూ కనిపించాడు. పక్కన అతని తమ్ముడి భార్య ఎలిజబెత్. భర్త పోయాక ఆ చెరువులో సగం వాటా ఆమెది.

"ఆ అబ్బాయిని క్షమించానండి. వాడికోసం ప్రార్థన చేస్తున్నాను" అన్నాడు రాజరత్నం.

కేసు పెట్టిన నోరూ అదే! అఖిలకు ఒళ్లు మండిపోయింది.

"నిన్న పగలు హరీష్ ఎక్కడున్నాడండీ?" అడిగాడు మాణిక్యం.

"మొక్కుందంటే నేనే కారిచ్చి తల్లినీ కొడుకునీ ద్వారకా తిరుమల పంపానండి."

"రాగానే మావాడు చేపలు తినే మేత సంచులు నీళ్లలో కర్రలకు కట్టాడండి" అంది వెంట వచ్చిన వెంకాయమ్మ. "చీకటి పడ్డా సంచులు తగ్గలేదేంటండీ అంటే, మబ్బు పట్టిందిలే, చేప తినదన్నారు అయ్యగారు."

కర్రలకు వేలాడుతున్న సంచులు ఇంకా నిండుగానే ఉన్నాయి. ఒడ్డున పోసిన చచ్చిన చేపల్ని గద్దలు తిని హాయిగా ఎగురుతున్నాయి.

మాణిక్యం ఎస్సైని పిలిపించాడు. ఊరివాళ్లంతా చేరాక చెరువులో వల లాగించాడు. ఈ చివర నుంచి ఆ చివరకు లాగితే నాచు వచ్చింది. అంతే.

"విషం తిన్న చేప తేలుతుంది, లేదంటే అడుగున పడుతుంది. ఎగిరి మాత్రం పోదు" అన్నాడు మాణిక్యం. "నిన్న కాపలావాణ్ణి గుడికి పంపి, బయటి మనుషులతో చెరువంతా పట్టించి అమ్మేశారు. సంచుల్లో మేత తగ్గడానికి నీళ్లలో చేపేదీ? తెల్లారేలోగా కుర్రాడి కంట పడకుండా ఐసు కొట్టులో అమ్ముడుపోని చేపలు తెచ్చి పారబోశారు. వాటి కళ్లే చెబుతున్నాయి. విషమే ఉంటే ఈ గద్దలు బతికేవా? మరదలి వాటా మింగడానికి తగువు పడ్డ కుర్రాణ్ణి బలిచ్చారు. కారివ్వడం మేలు, ఇది గొయ్యి. డుప్లిసిటీ అంటే ఇదీ, రాజరత్నం గారూ!"

"పొద్దున్న నన్ను ఓదార్చారు కదండీ బావగారూ!" ఎలిజబెత్ అరిచింది. "ఆ నోటితోనే నా బిడ్డల కూడు తిన్నారా?"

రాజరత్నం తల దించుకున్నాడు. "సైతాను బుద్ధి పుట్టిందండి" అని గొణిగాడు. హరీష్‌ను వదిలెయ్యమని ఎస్సై స్టేషనుకు ఫోన్ చేసి, రాజరత్నం భుజం పట్టుకున్నాడు.

వెంకాయమ్మ జీపుకు అడ్డం నిలబడింది.

"తర్వాత ఎక్కుదురుగాని. పొద్దున్న ఎక్కడ నిలబడి అన్నారో అక్కడే నిలబడి, ఆ మాట మీ గురించి మీరే అనండి."

రాజరత్నం ఎస్సై వైపు చూశాడు. ఎస్సై చేతులు కట్టుకున్నాడు. గట్టుమీద ఎవరూ కదల్లేదు. రాజరత్నం పెదవులు కదిపాడు.

"వినబళ్లేదండీ" అంది వెంకాయమ్మ.