యాయ్ చెప్పని పేరు

హోటల్ గుమ్మం ముందు టుక్‌టుక్ ఆగేసరికి వాన అందుకుంది.

"దిగకు! ముందు ఆ పక్క ప్లాస్టిక్ తెర దించు," అన్నాడు నాన్న.

థియారీ ఓ చేత్తో తెర దించుతూ ఇంకో చేత్తో అట్టముక్క పైకెత్తి పట్టుకుంది. దాని మీద "యోహాన్నా, ఖ్మేర్ చరిత్ర మ్యూజియం" అని ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ అక్షరాలు రాసింది తనే. అందుకే తడిసిపోతున్నా దాన్ని దించడానికి మనసొప్పలేదు.

మ్యూజియం టికెట్టు కొన్నవాళ్లని హోటల్ నుంచి తీసుకెళ్లి, చూడ్డం అయ్యాక మళ్లీ హోటల్లో దింపాలి. ఆ పని థియారీ నాన్నది. బడికి సెలవులిస్తే థియారీ కూడా బండెక్కేస్తుంది. పదేళ్ల పిల్లే అయినా ఇంగ్లీషు బాగా వచ్చు. నోరు అంతకన్నా బాగా వచ్చు. ఏదడిగినా జవాబు నాలుక చివరే ఉంటుంది. తెలిసినా తెలియకపోయినా సరే, "నాకు తెలీదు" అనడం మాత్రం ఆ పిల్ల జాతకంలో లేదు.

వెనక సీట్లో థియారీ నాయనమ్మ కూర్చుని ఉంది. ఇంట్లో అందరికీ ఆవిడ యాయ్. ఆవిడ వచ్చేది మ్యూజియం చూడ్డానికి కాదు, మనుషుల్ని చూడ్డానికి. ఆ హోటల్లో ఫ్రాన్సు నుంచి, అమెరికా నుంచి వచ్చిన తమ ఖ్మేర్ జాతి ముసలివాళ్లు కూడా దిగుతుంటారు. చిన్నప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దేశం దాటిపోయినవాళ్లు. అలాంటి తాత ఎవరు కనబడ్డా యాయ్ ఎదురెళ్లి చేతులు జోడిస్తుంది.

"అన్నా, మీదే ఊరు? సరూన్ అనే ఆయన మీకెక్కడైనా తగిలాడా? ఎడమ చెవి కొంచెం చీలి ఉంటుంది."

సరూన్ యాయ్‌కి అన్న. పోల్‌పాట్ కాలంలో, ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని పొలాల్లోకి తోలిన ఆ రోజుల్లో, కాలవలు తవ్వడానికని కుర్రవాళ్లని లారీలో తీసుకెళ్లారు. లారీ ఎక్కుతూ సరూన్, "ఇక్కడే ఉండు, వచ్చేస్తా," అన్నాడు. అప్పటికి యాయ్ థియారీ కన్నా చిన్నది. ఇప్పుడావిడ జుట్టంతా నెరిసిపోయింది.

"యాయ్, ఫ్రాన్సు ఏమైనా మన సంతా, ఎదురుపడ్డానికి?" అని ఆటపట్టించేది థియారీ.

"నీకెందుకే? అడిగితే నోరేం అరిగిపోదులే," అనేది యాయ్.

ఆవేళ హోటల్లోంచి ఖ్మేర్ తాతలెవరూ రాలేదు. యోహాన్నా ఒక్కతే గొడుగు వేసుకుని వచ్చింది. పొడుగ్గా, నవ్వుమొహంతో ఉంది. బండిలో యాయ్‌ని చూసి నమస్కారం పెట్టింది. మ్యూజియం దగ్గర దిగాక వాన ఇంకా పెద్దదైంది.

"మీ నాయనమ్మ ఇక్కడ తడుస్తూ కూర్చోవడమేంటి? లోపలికి రమ్మను," అంది.

"మాకు టికెట్టు అక్కర్లేదు, రా యాయ్," అని థియారీ చెయ్యి పట్టి లాగింది. యాయ్ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత టోపీ తీసి చంకలో పెట్టుకుని లోపలికి వచ్చింది.

ఇక థియారీకి పట్టపగ్గాల్లేవు. ఏనుగు మీద రాజు ఎవరో చెప్పింది. రాతి తలల పేర్లు చెప్పింది. ఒక అద్దాల పెట్టెలో కంచుది ఏదో బోర్లించి ఉంది.

"ఇదేమిటి?" అంది యోహాన్నా.

"రాజుగారి యుద్ధం టోపీ," అంది థియారీ తడుముకోకుండా.

యోహాన్నా వంగి, కింద ఉన్న అక్షరాలు చదివింది. "ఎద్దు మెడలో గంట అని ఉందే!"

"మరి ఆ ఎద్దు రాజుగారిదే," అంది థియారీ. యోహాన్నా పకపకా నవ్వింది. థియారీ కూడా నవ్వేసింది. అప్పటికి ఆ అబద్ధాల వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు.

చివరి హాల్లో రాళ్లూ లేవు, కంచూ లేదు. తెల్లటి గోడ ముందు ఇసక నింపిన పెద్ద కుండ, దాని పక్కన చిన్న దీపం, అగరొత్తుల కట్ట, అంతే ఉన్నాయి. పోల్‌పాట్ కాలంలో పోయినవాళ్ల కోసం పెట్టిన చోటు అది. ఎవరికి ఎవరు గుర్తొస్తే వాళ్ల పేరున వెలిగించుకోవచ్చు. యాయ్ అక్కడిదాకా రాలేదు. వెనకాల బల్ల మీద కూర్చుని కిటికీలోంచి వాన చూస్తోంది.

యోహాన్నా గొంతు తగ్గించింది. "మీ ఇంట్లో కూడా ఎవరైనా పోయారా?"

"పోయారు. యాయ్ వాళ్ల అమ్మా నాన్నా, చెల్లీ. అన్న కూడా. సరూన్ తాత."

"ఆయనకేమైంది?"

ఏమైందో థియారీకే కాదు, ఎవరికీ తెలియదు. కానీ జవాబు అప్పటికే నాలుక మీదకి వచ్చేసింది.

"కాలవ తవ్వుతూ చచ్చిపోయాడు. ఆకలితో. నీళ్లలో పడిపోయాడు."

యోహాన్నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. థియారీకి ఏదో గొప్ప పని చేసినట్టు అనిపించింది. "ఉండండి, మేం ఎలా చేస్తామో చూపిస్తాను," అని ఒక అగరొత్తి తీసి దీపం దగ్గర వెలిగించింది. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ నుదుటికి ఆనించి, పెద్దవాళ్లలాగే గట్టిగా, తమ భాషలోనే అంది.

"సరూన్ తాతా, ఎక్కడున్నా ఇది నీకు చేరాలి. ఇంక ఆకలి లేకుండా ఉండు."

ఇసకలో గుచ్చి లేచింది. వెనక్కి తిరిగేసరికి యాయ్ అక్కడే నిలబడి ఉంది.

యాయ్ వంగి ఆ అగరొత్తిని పీకి, మండుతున్న కొసని అరచేతిలో పెట్టి నలిపేసింది.

"యాయ్, చెయ్యి కాలుతుంది!"

"ఎవరికి వెలిగించావు?"

"సరూన్ తాతకి."

"వాడు పోయాడని నీకెవరు చెప్పారు?"

థియారీ బిత్తరపోయింది. "ఎవరూ చెప్పలేదు... అందరికీ తెలిసిందేగా. ఇన్నేళ్లయింది. చచ్చిపోయే ఉంటాడు కదా, యాయ్?"

ఆ మాటకి యాయ్ నేల మీద చతికిలబడింది. అక్కడున్నవాళ్లందరూ చూస్తున్నారు. యోహాన్నా పక్కన కూర్చుని, కాలిన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఎందుకిలా అయిందో పాపం ఆవిడకి తెలియదు.

తిరుగుదారిలో యోహాన్నాని హోటల్ దగ్గర, యాయ్‌ని ఇంటి దగ్గర దింపాక, నాన్న బండిని నది ఒడ్డుకి తీసుకెళ్లి ఆపాడు.

"ఇప్పుడు చెప్పు. ఏం జరిగింది?"

థియారీ చెప్పింది. చెబుతుంటే ఎక్కిళ్లు వచ్చాయి. నాన్న హ్యాండిల్ మీద తల ఆనించుకున్నాడు.

"మన ఇంట్లో ముత్తాతకి పెడతాం, ముత్తవ్వకి పెడతాం. సరూన్ మామయ్యకి ఎప్పుడైనా పెట్టామా? ఎప్పుడైనా చూశావా నువ్వు?"

లేదు. ఎప్పుడూ చూడలేదు. ఆ సంగతి ఇప్పుడే తట్టింది.

"బతికున్న మనిషికి తద్దినం పెడతారా ఎవరైనా? అందుకే మా అమ్మ పెట్టనివ్వలేదు. ఊరంతా చెప్పారు, బంధువులు చెప్పారు, పెట్టెయ్యి, పాపం ఆకలితో తిరుగుతుంటాడు అని. ఒప్పుకోలేదు. పెడితే తన చేత్తో తనే అన్నని చంపుకున్నట్టని."

"మరి తాత ఉన్నాడా, నాన్నా?"

నాన్న హ్యాండిల్ మీంచి తల ఎత్తాడు. "ఉండడమ్మా. నేనైతే ఉండడనే అనుకుంటాను. కానీ అది అనాల్సింది మనం కాదు."

ఆ రోజు నుంచి యాయ్ టుక్‌టుక్ ఎక్కడం మానేసింది.

తిట్టి ఉంటే బాగుండేది. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. యాయ్ అన్నం పెట్టింది, జడ వేసింది, దోమతెర సర్దింది. అన్నీ మామూలుగానే చేసింది. కానీ ఆవిడ లోపల ఏదో ఆరిపోయింది. థియారీ క్షమించమని కాళ్లు పట్టుకుంటే తల నిమిరి, "నీదేం లేదులే, చిన్నపిల్లవి," అంది. ఆ మాట విని థియారీకి ఇంకా ఏడుపొచ్చింది.

ప్చుమ్ బెన్ రోజులు వచ్చాయి. పోయినవాళ్లు ఆకలితో బౌద్ధ విహారాలన్నీ తిరుగుతూ, తమవాళ్లు తమ పేరు పలికి అన్నం పెడతారేమోనని వెతుక్కునే రోజులు. ఒక మధ్యాహ్నం థియారీ హోటల్ నుంచి ఇంటిదాకా ఒక్క పరుగున వచ్చింది.

"యాయ్! యాయ్! ఫ్రాన్సు నుంచి ఒక తాత దిగాడు. బట్టంబాంగ్ వైపు కాలవల్లో పని చేశాడట. రా, అడుగుదువుగాని!"

యాయ్ అరుగు మీద కూర్చుని పండక్కి పొట్లాలు చుడుతోంది. అరిటాకులో బియ్యం, పెసరపప్పు, మాంసం పెట్టి నారతో కడుతోంది. తల ఎత్తలేదు.

"ఎందుకే? నువ్వు చెప్పేశావుగా."

పొట్లాల వరసకి పక్కగా, విడిగా, ఇంకొకటి ఉంది.

"అదెవరికి, యాయ్?"

"వాడికే. ఈసారి వాడిక్కూడా తీసుకెళతా. ఎన్నాళ్లు పస్తుంచుతాను?"

తెల్లారాక, ఎండెక్కాక, ఇద్దరూ తెల్లచొక్కాలు వేసుకుని విహారానికి వెళ్లారు. నాన్న ఎవరినో మ్యూజియానికి తీసుకెళ్లాడు. హాలు నిండా జనం. అన్నం, కూరలు, అగరు పొగ. భిక్షువుల ముందు గుడి ఆచారి కూర్చుని, ఒక్కొక్క ఇంటివాళ్లనీ పోయినవాళ్ల పేర్లు అడిగి పైకి పలుకుతున్నాడు. పేరు పలికితేనే పెట్టింది చేరుతుంది.

వీళ్ల వంతు వచ్చింది. యాయ్ ఒక్కొక్క పొట్లం ముందు పెడుతూ నాన్న పేరు చెప్పింది. అమ్మ పేరు చెప్పింది. చెల్లి పేరు చెప్పింది. చివరి పొట్లం చేతిలోకి తీసుకుని నోరు తెరిచింది. మాట రాలేదు.

"ఇంకెవరమ్మా?" అన్నాడు ఆచారి.

యాయ్ పెదవులు కదిలాయి. అంతే.

"కానివ్వు అక్కా, కూరలు చల్లారిపోతున్నాయి," అంది వెనకనుంచి ఒకావిడ.

ఆచారి మంచివాడే. పెద్దావిడ ఇబ్బంది పడుతోందని థియారీ వైపు తిరిగాడు. "పాపా, మీ యాయ్‌కి గొంతు పెగలట్లేదు. ఆ పొట్లం ఎవరిదో నువ్వు చెప్పెయ్యి తల్లీ."

యాయ్ కూడా థియారీ వైపు చూసింది. వద్దని చెప్పే చూపు కాదది. చెప్పమనేదీ కాదు. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. థియారీ పళ్లు బిగించి దాన్ని లోపలే ఆపుకుంది.

"అది నేను చెప్పేది కాదు, తాతా," అంది. తర్వాత వెనకావిడతో, "మీరు ముందు కానివ్వండి, అవ్వా. మేం పక్కన కూర్చుంటాం," అంది.

యాయ్ చెయ్యి పట్టుకుని లేపి, స్తంభం పక్కన చాప మీద కూర్చోబెట్టింది. వరస ముందుకి కదిలింది. ఎవరెవరివో పేర్లు ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తున్నాయి. యాయ్ ఒళ్లో ఆ పొట్లం అలాగే ఉంది.

"చెప్పకపోతే వాడికి తిండి చేరదు," అంది యాయ్ చిన్నగా. "చెబితే ఇంక వాడు రాడు. ఏం చెయ్యనే? నీకన్నీ తెలుసుగా, చెప్పు. వాడు ఉన్నాడా, లేడా?"

ఉన్నాడంటే యాయ్ సంతోషిస్తుంది. లేడంటే యాయ్‌కి ఒక దారి దొరుకుతుంది. రెండు జవాబులూ థియారీ దగ్గర తయారుగా ఉన్నాయి. ఏది చెప్పినా నమ్మేంత అలిసిపోయి ఉంది యాయ్.

"నాకు తెలీదు, యాయ్," అంది థియారీ.

యాయ్ కళ్లు ఆ పిల్ల మొహం మీద ఆగిపోయాయి.

"నాకూ తెలీదే," అంది.

అన్నేళ్లలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. ఆ తర్వాత యాయ్ చిన్నపిల్లలా, గుక్క తిప్పుకోకుండా ఏడ్చింది. థియారీ ఊరుకోమని అనలేదు. తాత వచ్చేస్తాడనీ అనలేదు. యాయ్ భుజానికి ఆనుకుని, ఆవిడ ఏడుపు అయ్యేదాకా అలాగే కూర్చుంది.