అడవి బొమ్మలో వెనక్కి తిరిగిన ఆమె

హలో, నా మాట వినబడుతోందా? నేను కొత్తవాడ రాంచందర్‌ను. చాయ్ పెట్టుకుని కూర్చోండి, మా పెళ్లి ముచ్చట చెప్తాను.

అది ఎనభై నాలుగు, ముసురు రోజులు. మా ఇంట్లో నేసిన జంపఖానా ఇవ్వడానికి, సైన్‌బోర్డులు రాసే జయరాజు గారింటికి పోయాను. వాన తగ్గేదాకా కూర్చోమన్నారు. గోడ మీద ఆయన గీసిన పెద్ద పెయింటింగ్. దట్టమైన అడవి, నెత్తిన మూటలతో నడిచిపోతున్న జనం.

"మేడారం జాతరనా?" అన్నాను.

ఆయన కూతురు సుశీల నవ్వింది. "జాతర గాదు, బైబిల్ కథ. ఐగుప్తు ఇడిసిపెట్టి అరణ్యంల పోతాండ్రు."

"ఐగుప్తుల ఇప్పచెట్లెక్కడియి?"

ఆమె చెట్టును చూసింది, నన్ను చూసింది. ఆ కోపపు చూపుకే నేను పడిపోయాను.

తర్వాత అంచు ఊడిందేమో చూస్తానని ఒకసారి, రంగు దిగిందేమో చూస్తానని ఇంకోసారి పోయాను. మా జంపఖానాకు ఇంత మంచి డాక్టరు దొరికిండని సుశీల ఎగతాళి చేసేది. పోయినప్పుడల్లా బొమ్మ మీద అదే పంచాయితీ. ఏడాది తిరిగేసరికి ఆ పంచాయితీ లేకుండా ఉండలేమని ఇద్దరికీ తెలిసింది.

మా ఇంట్లో గొణిగి గొణిగి ఒప్పుకున్నారు. జయరాజు గారు మాత్రం ఉలకలేదు, పలకలేదు. నాయన కాదంటే గడప దాటనని సుశీల ముందే చెప్పింది.

ఒక ఆదివారం రమ్మని కబురొచ్చింది. పోతే, ఆయన నన్ను బొమ్మ ముందు నిలబెట్టారు.

"జాతరో, బైబిలో, ఇడిసిపెట్టు. గా ఆఖరామె ఒక్కతే ఎనక్కి తిరిగింది. ఎవరిని సూస్తాంది?"

అన్ని రోజులూ సుశీలను చూశానే తప్ప బొమ్మను సరిగ్గా చూసింది లేదు. అటు జరిగాను, ఇటు జరిగాను. ఆమె చూపు నేను నిలబడ్డ చోటికే వస్తోంది. అంటే, గీసినాయన నిలబడ్డ చోటికి.

"మిమ్ములనే, మామా." మామా అని నోరు జారింది.

ఆయన జంపఖానా మీద నెమ్మదిగా కూర్చున్నారు. "ములుగు తొవ్వల బస్సు చెడిపోతే అందరం నడిసినం. నా కాలు బెణికింది. ఎవ్వరు ఆగలే, ఈమె ఆగింది. అప్పటికి మాకు లగ్గం గాలే. మావోళ్లకు ఇష్టం గూడ లేకుండె."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. సుశీల తల్లి కృపమ్మ చాయ్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. బొమ్మను చూసి, కళ్లు తుడుచుకుని, కప్పు కూతురి చేతికిచ్చింది.

"అల్లునికియ్యి, సల్లారుతాంది."

"ఇద్దరం తప్పే చెప్పినం గదా," అని గొణుగుతూ సుశీల కప్పు అందించింది.

ఆ బొమ్మ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. నాకు మోకాళ్ల నొప్పులు. బజారుకు పోతే సుశీలే ముందు నడుస్తుంది. నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరుగుతుంది.

మీకోసం కూడా అట్లా ఆగి చూసే మనిషి ఉంటే, ఈ కథ ముందు వాళ్లకే పంపండి.