రెండుసార్లు మోగిన అలారం

"నా కోడ్ మీద ఈ కామెంట్ పెట్టింది మీరేనా?"

కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే వచ్చిపడిన ఆ ప్రశ్నకు ఆమె తలెత్తి చూసింది. గొడుగు తెచ్చుకోలేదు కాబోలు, అతని జుట్టులోంచి వాన నీళ్లు కారుతున్నాయి. కళ్లలో మాత్రం నిప్పులు.

"నేనే. ప్రతి స్క్రీనూ తన అలారాన్ని తానే ఎందుకు తయారుచేసుకుంటోంది అని అడిగాను."

"యాప్ పని చేస్తోందిగా!"

"చేస్తోంది. ఎలా చేస్తోందో అర్థంకాక అడిగాను."

"చేరి వారం కాలేదు, అప్పుడే ఎంక్వైరీ మొదలెట్టారే!"

పక్క సీట్లో టీమ్ లీడ్ ఫక్కున నవ్వింది. ఆఫీసులో అందరికీ అక్క ఆవిడ. "బావుంది. ఇవాళ్టి నుంచి ఈ అమ్మాయి పేరు ఎంక్వైరీ!" అంది. సాయంత్రానికల్లా ఆ పేరు ఆఫీసంతా పాకిపోయింది.

వాళ్లు తయారుచేస్తున్నది పెద్దవాళ్లకు మందుల వేళ గుర్తుచేసే యాప్. ఒకసారి కోడ్ రాస్తే రెండు రకాల ఫోన్లలోనూ నడవాలి. మొదటినుంచీ దాన్ని ఒంటిచేత్తో కట్టుకొచ్చినవాడు అతనే. అందుకే అతన్ని మేస్త్రీ అనేవాళ్లు. తను కట్టిన గోడలో ఎవరైనా వేలు పెడితే మేస్త్రీకి చిర్రెత్తుకొచ్చేది.

ఎంక్వైరీ ఒక పట్టాన వదిలే రకం కాదు. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి అలారం సమయం మార్చి చూసింది. ఒకటి ఒక్కసారి మోగి ఊరుకుంది. రెండోది మోగి, కాసేపాగి మళ్లీ మోగింది.

"మేస్త్రీగారూ, ఇది రెండుసార్లు మోగుతోంది."

"ఆ ఫోనుకి చాదస్తం. వదిలేయండి."

"ఫోనుకేనా?" అంది ఆమె అమాయకంగా.

అతను మూతి ముడుచుకుని వెళ్లిపోయాడు. తలుపు దాటేముందు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అదెందుకో ఆమెకు అంతుపట్టలేదు.

తర్వాతి వారం ఒకరోజు అతను మధ్యాహ్నానికి గానీ ఆఫీసుకు రాలేదు. వచ్చినవాడు ముఖం వేలాడేసుకుని తిన్నగా ఆమె దగ్గరికే వచ్చాడు.

"పరీక్షకని మా అమ్మమ్మ ఫోన్‌లో మన యాప్ పెట్టాను. పొద్దున రెండోసారి మోగేసరికి, ఇందాక వేసుకున్న సంగతి మర్చిపోయి బీపీ మాత్ర మళ్లీ వేసుకుంది. కళ్లు తిరిగి కూలబడిపోయింది."

ఆమె చటుక్కున లేచింది. "ఇప్పుడెలా ఉన్నారు?"

"ఆస్పత్రిలో చూపించాం. గండం గడిచిందన్నారు. మా పిన్ని పక్కనే ఉంది." గొంతు సవరించుకున్నాడు. "చాదస్తం ఫోనుది కాదు, నాదే. ఆరోజు అడిగింది మళ్లీ అడగండి. ఈసారి వింటాను."

గెలిచానన్న ఊసే ఆమె మనసులోకి రాలేదు. పక్కకు ఇంకో కుర్చీ లాగింది.

"హోమ్ స్క్రీన్ అలారం మోగించే సర్వీసు ఒకటి తయారుచేసుకుంది. మందుల స్క్రీన్ ఇంకోటి. దీని సంగతి దానికి తెలీదు, దాని సంగతి దీనికి తెలీదు. ఒకదాని తర్వాత ఒకటి మోగిస్తున్నాయి."

"మరి మొదటి ఫోన్‌లో?"

"ఒకే మందుకి రెండు అలారాలొస్తే అది తనే ఒకటి చేసేసుకుంటోంది. అందుకే తప్పు బయటపడలేదు."

"ఏం చేద్దామంటారు?"

"ఏ స్క్రీనూ సొంతంగా సర్వీసు తయారుచేసుకోకూడదు. యాప్ తెరుచుకోగానే ఇది ఏ ఫోనో చూసి, దానికి తగ్గ సర్వీసు ఒక్కటే కట్టి, కావాలన్న ప్రతి స్క్రీనుకీ దాన్నే చేతికిద్దాం."

"డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారే, ఆ పద్ధతి! ఇంత చిన్న యాప్‌కి ఆ హడావుడంతా ఎందుకులే అనుకున్నా."

"ఇంకో లాభం కూడా ఉంది. పరీక్షించేటప్పుడు అసలు గడియారం బదులు ఉత్తుత్తి గడియారం ఇవ్వొచ్చు."

అతని కళ్లు పెద్దవయ్యాయి. "అయితే రేపు పొద్దున్నదాకా ఆగక్కర్లేదా?"

"తెల్లారిందని మనం చెబితే యాప్ నమ్మేస్తుంది."

"పాపం, పిచ్చిమాలోకం!"

ఇద్దరూ ఒక్కసారే నవ్వేశారు. అతను నవ్వితే ఎడమ బుగ్గన చిన్న సొట్ట పడింది. ఇన్నాళ్లూ దాన్ని ఎక్కడ దాచాడబ్బా అనుకుంది ఆమె.

స్క్రీన్లన్నింటినీ విప్పి మళ్లీ కలిపారు. ఉత్తుత్తి గడియారంలో తెల్లవారింది. అలారం మోగింది. మళ్లీ మోగింది!

ఆమె ముఖం చిన్నబోయింది. ఎంత వెతికినా తప్పు కంటపడలేదు. చివరికి అతనే తెర మీద వేలు పెట్టి చూపించాడు. "అడిగిన ప్రతిసారీ కొత్తది ఇవ్వమని రాశారిక్కడ. ఒక్కటే ఉంచి, అందరికీ అదే ఇవ్వమనాలి."

"అయ్యో, నాదే పొరపాటు!"

ఇక దెప్పుతాడని కాచుకుంది. అతను మాత్రం కీబోర్డును ఆమె వైపు జరిపాడు. "మీరే మార్చండి. ఆలోచన మీది."

అంతే, ఆమె మనసు అటు ఒరిగిపోయింది.

అమ్మమ్మ కోలుకున్నాక, కొత్త యాప్ ఆవిడ ఫోన్‌లో పెట్టడానికి ఇద్దరూ కలిసి వెళ్లారు. బయట జల్లు పడుతోంది. ఆవిడ గుమ్మంలోనే కళ్లజోడు సవరించుకుంది.

"భోజనాల దగ్గర వీడు రోజూ చెప్పే అమ్మాయివి నువ్వేనా?"

"అమ్మమ్మా!" అని కేకపెట్టాడు మనవడు.

"ఏం చెబుతారండీ అమ్మమ్మగారూ?" ఆమె ఆత్రంగా ముందుకు వంగింది.

"వాణ్నే అడుగు తల్లీ. నాకు మాత్ర వేళయింది."

అలారం మోగింది. ఆవిడ మాత్ర మింగి నీళ్లు తాగింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి ఫోన్‌నే చూస్తూ కూర్చున్నారు. చాలాసేపు చూశారు. వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

"ఇప్పుడు నమ్మకం కుదిరింది," అంటూ అమ్మమ్మ వంటింట్లోకి వెళ్లింది.

ఆమె అతని వైపు తిరిగింది. "ఇంతకీ ఏం చెబుతారు నా గురించి?"

అతను నేలచూపులు చూశాడు. "మొదట్లో మీ ప్రశ్నలకి ఒళ్లుమండేదని చెప్పాను. ఇప్పుడు మీరు సెలవు పెడితే ఆఫీసులో పొద్దుపోవట్లేదని కూడా చెప్పాను." ఆగి, గొంతు బాగా తగ్గించాడు. "మీరంటే నాకు చాలా ఇష్టం. మీకు లేకపోతే చెప్పేయండి. పని దగ్గర ఇబ్బంది పెట్టను."

"ఒరేయ్!" వంటింట్లోంచి అమ్మమ్మ గొంతు ఖంగుమంది. "అలా గొణిగితే ఆ పిల్లకేం వినపడుతుందిరా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె అతన్నే చూస్తూ, వంటింటిదాకా వినిపించేలా గొంతెత్తింది.

"వినపడింది అమ్మమ్మా! నాకూ ఇష్టమే!"