ఆకురాయి తాకిన నవ్వు

పెరట్లో పంది కాలుతోంది. తెల్లవారకముందే సుకర్జ నిప్పు రాజేసి, గడకు గుచ్చిన పందిని మెల్లగా తిప్పుతూ, దాని మీద కొబ్బరినీళ్ళు చిలకరిస్తున్నాడు. బాలి దీవిలోని గియాన్యార్ బజారు వీధిలో అతని కొట్టు తెలియనివాళ్ళు లేరు. పదకొండు కొట్టేసరికి అన్నం మిగిలితే మిగులుతుంది గానీ, కరకరలాడే ఆ చర్మం ముక్క ఒక్కటీ మిగలదు.

వంటింట్లో అతని భార్య రసిని వెల్లుల్లి ఒలుస్తోంది. కూతురు లస్మిని ఫోను పట్టుకుని ఆమె పక్కన చతికిలబడింది. లస్మిని పళ్ళ డాక్టరు. దెన్‌పసార్‌లో వంకర పళ్ళు, దవడలు సరిచేసే పైచదువు చదువుతూ ఆదివారాలు ఇంటికి వస్తుంది.

"అమ్మా, ఈ నవ్వుకి పదికి ఎన్నేస్తావు?"

రసిని కళ్ళు చికిలించి చూసింది. "ఎవరిదే ఇది?"

"ఎవరిదో చెప్పకూడదు. అందుకే ముక్కూ కళ్ళూ కత్తిరించేశాను."

"మొహం లేకుండా నవ్వేమిటే, నా మొహం! సరే, తొమ్మిది. చక్కగా ఆకురాయి పట్టారు. గీత గీసినట్టున్నాయి పళ్ళు."

లస్మిని పరిశోధనంతా దీని మీదే. నవ్వితే పై పళ్ళ అంచు కింది పెదవిలా వంపు తిరగాలని పుస్తకాలు అంటాయి. బాలిలో చూస్తే ఈడొచ్చిన వాళ్ళందరి పై పళ్ళకూ ఆకురాయి పట్టి అంచు తిన్నగా చేస్తారు. మరి ఇక్కడివాళ్ళ కంటికి ఏ నవ్వు అందంగా కనిపిస్తుంది? అది తేల్చడానికి ఆ పిల్ల కనిపించిన ప్రతివాడి చేతా మార్కులు వేయిస్తూ తిరుగుతోంది. పాపం కూరలమ్మే ఆవిడని కూడా వదల్లేదు.

"ఇంకోటి చూడు. దీనికి?"

"అయ్యో, దీనికి నాలుగు. ఆ కోరపళ్ళు చూడు, సూదుల్లా! ఇంత వయసొచ్చినా ఆకురాయి పట్టించలేదంటే కన్నవాళ్ళు ఏం చేస్తున్నారో..." రసిని ఠక్కున ఆగింది. "ఏయ్, ఇది నీ నోరే కదూ?"

"కాదు."

"నేను కన్న నోరు నాకు తెలీదా! కింది పెదవి మీద ఆ మచ్చ, గుమ్మం మీద బోర్లా పడినప్పటిది. అయినా నాలుగే. మార్చేది లేదు."

లస్మిని నవ్వేసింది గానీ, తల్లి నవ్వలేదు. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలకీ ఇంకా ఆకురాయి పట్టలేదు. పై వరసలో ముందరి ఆరు పళ్ళు. కామం, క్రోధం మొదలుకొని మనిషిలో ఉన్న ఆరుగురు శత్రువుల గుర్తులు అవి. వాటిని అరగదీసి మనిషిని మనిషిగా నిలబెట్టడం కన్నవాళ్ళు పిల్లలకు చేసి తీరవలసిన పని. పరీక్షలయ్యాక అంది లస్మిని. కాలేజీ అయ్యాక అంది. ఇద్దరికీ కలిపి ఘనంగా చేద్దామని సుకర్జ సర్దుకుపోయాడు. తీరా రెండేళ్ళ క్రితం తమ్ముడు కదెక్ పళ్ళకు తీగలు బిగించి, "వైద్యం పూర్తయ్యేదాకా ఈ పళ్ళ దగ్గరికి ఆకురాయి రావడానికి వీల్లేదు," అని ఆ పిల్ల తేల్చి చెప్పేసింది. చదువుకున్న పిల్ల చెబితే ఎవరు కాదంటారు?

కదెక్‌కి ఇరవయ్యొకటి. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, కింది పళ్ళు పై పళ్ళకు ముందు నిలబడతాయి. అచ్చు తండ్రి దవడే. అయితే తండ్రిది కాస్త, కొడుకుది మరీ. ఊరంతా లొట్టలు వేసుకుంటూ తినే చర్మం ముక్కని ఆ కొట్టువాడి కొడుకు కొరకలేడు. వేళ్ళతో తుంచి, నోట్లో నానబెట్టి మింగుతాడు. సరిగా నమలక కడుపులో మంట. పొద్దున లేస్తే చెవి దగ్గర దవడ పోటు. నవ్వొస్తే చెయ్యి అడ్డం. తీగలతో పళ్ళు వరసకొచ్చాయి. ఇక దవడ ఎముక కోసి వెనక్కి జరిపే ఆపరేషన్ ఒక్కటే మిగిలింది. దానికి రోజు కూడా పెట్టేశారు.

సరిగ్గా అప్పుడే సుకర్జ అడ్డం తిరిగాడు. మొదట కొట్టులో మనిషి సాయం ఉండదన్నాడు. తర్వాత రక్తం పోతుందన్నాడు. నిన్న రాత్రి భోజనాల దగ్గరైతే, "వాడి మొహానికి ఏమొచ్చింది? మా వంశంలో అందరి మొహం అదే," అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. కదెక్ తలొంచుకుని, "నాన్న ఊఁ అంటేనే వెళ్తానక్కా," అన్నాడు.

లస్మిని రాత్రంతా ఆ మాటే తలుచుకుంటూ ఉంది. ఇప్పుడు తల్లి వేసిన నాలుగు మార్కులతో అది కాస్తా పైకి తన్నుకొచ్చింది. లేచి తిన్నగా పెరట్లోకి నడిచింది.

"నాన్నా, ఇవాళ తేల్చు. ఆపరేషన్‌కి ఎందుకు వద్దంటున్నావు?"

సుకర్జ గడ తిప్పుతూనే ఉన్నాడు. "చెప్పాను కదా."

"రోజుకొకటి చెప్పావు. ఏదీ నిజం కాదు. వాడు రాత్రిళ్ళు దవడ పట్టుకుని మూలుగుతుంటే నీకు వినపడదా? నీ కొట్టులో ముక్క నువ్వు కన్న కొడుకు కొరకలేకపోతుంటే నీకు కనపడదా?"

"లస్మీ, పొద్దున్నే గొడవొద్దు."

"గొడవే! నీ దవడే వాడికీ వచ్చిందని నీకు పొగరు నాన్నా. వాడి మొహం బాగుపడితే నీ పోలిక పోతుందని నీ ఏడుపు!"

గడ ఆగిపోయింది. మాట నోరు దాటాక లస్మిని ఒక అడుగు వెనక్కి వేసింది. తండ్రి చెంప మీద కొడతాడనుకుంది. ఆయన కొట్టలేదు. చేతిలో కొబ్బరిచిప్ప కింద పెట్టి, పొగకి ఎర్రబడ్డ కళ్ళతో కూతురి వంక చూశాడు.

"మీ న్యోమన్ బాబాయి ఎలా పోయాడో తెలుసా నీకు?"

"జబ్బు చేసి అని..."

"కడుపునొప్పి. ఆస్పత్రిలో మత్తిచ్చారు. కోశారు. లేవలేదు." ఒక్కో మాటా కూడదీసుకుంటున్నాడు. "పంతొమ్మిదేళ్ళు వాడికి. ఆకురాయి పట్టలేదింకా. వచ్చే ఏడు చేద్దామనుకున్నాం. కోరపళ్ళతో వెళ్ళినవాణ్ణి పైలోకంలో మన పెద్దలు మనిషనుకోరే. ఏ భూతమో అనుకుని దగ్గరికి రానివ్వరు. అందుకని పోయినవాడికే పట్టారు. దహనానికి ముందు. వాడి నోరు తెరిచి పట్టుకున్నది నేను. ఈ చేతులతో. చల్లగా ఉంది దవడ. ఆకురాయి చప్పుడు... బతికున్నవాడైతే మధ్యలో ఉమ్ముతాడు, అబ్బా అంటాడు. వాడు ఏమీ అనలేదు."

పందికొవ్వు చుక్క నిప్పులో పడి చిటపటలాడింది.

"ఇవన్నీ ఆపరేషన్‌కి వెళ్ళబోయేవాడి గురించి నోటితో అనగలనా? అంటే అపశకునం కాదూ? అందుకని నోటికొచ్చిన కారణమల్లా చెప్పాను. వాడు నొప్పి లేకుండా నమిలితే చూడాలని నాకుండదా? నాకు పోలికెందుకే, పిచ్చిదానా!"

అంత మనిషీ మెడలో తుండుగుడ్డతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. వంటింటి గుమ్మంలో రసిని అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది. లస్మిని తండ్రి పక్కన కూలబడి, మసి అంటిన ఆయన చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. బాబాయి చనిపోయాడని తెలుసు. ఆ చనిపోవడం ఇన్నేళ్ళుగా నాన్న చేతుల్లోనే ఉండిపోయిందని ఇప్పుడే తెలిసింది.

"ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"నువ్వు అడిగితే కదా. ఆకురాయి రావడానికి వీల్లేదని తీర్పు చెప్పేశావు."

నిజమే. అసలు ఎందుకు వీల్లేదన్నట్టు? ఆపరేషన్‌లో దవడలు ఎక్కడ కలవాలో చూసుకోవడానికి పళ్ళకు అచ్చులు తీశారు. పళ్ళ అంచు వెంట్రుకవాసి అరిగినా ఆ అచ్చు సరిగ్గా కూర్చోదు. అంతవరకే. అచ్చు మళ్ళీ తీయవచ్చా అని ఆమె ఎవరినీ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

"మాడుతోంది! పంది మాడుతోంది!" అని రసిని కేక పెట్టేసరికి తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ గడ మీద పడ్డారు.

మర్నాడు కాలేజీలో ఆపరేషన్ చేయబోయే ప్రొఫెసర్ విరత్మ గది ముందు లస్మిని బిక్కుబిక్కుమంటూ నిలబడింది. ఆపరేషన్‌కి ముందే ఆకురాయి పట్టించవచ్చా అని అడిగితే, చదువుకుని ఇదేం చాదస్తం అంటాడేమోనని ఆమె భయం. ఆయన అంతా విని, నోరంతా తెరిచి తన పళ్ళు చూపించాడు. గీత గీసినట్టున్నాయి.

"నాకు పట్టినప్పుడు మా అమ్మ నా కాళ్ళ మీద కూర్చుందమ్మా, పారిపోతానని. ఆకురాయి పట్టించుకు రండి. తర్వాత అచ్చులు మళ్ళీ తీసుకుందాం. ఒక పూట పని. దీనికోసం ఇంట్లో వారం రోజులు కొట్టుకున్నారా?"

"మీరు కాదంటారని..."

"అడగకుండానే నా తరఫున నువ్వే కాదన్నావా? గట్టిదానివే!"

లస్మినికి ప్రాణం లేచొచ్చింది. మెట్లు దిగుతూనే ఇంటికి ఫోను చేసింది. అవతల తండ్రి అంతా విన్నాడు. తర్వాత, "మరి నువ్వు?" అన్నాడు.

"నేనేమిటి?"

"నీ ఆరు పళ్ళ సంగతేమిటని. ఇద్దరికీ కలిపే అన్నాను."

అదృష్టం కొద్దీ సుకర్జ పెదనాన్న కొడుకు ఇంట్లో ఆ వారమే ముగ్గురు పిల్లలకు ఆ వేడుక పెట్టుకున్నారు. ఇంకో ఇద్దరిని కలుపుకోవడానికి వాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. ఘనంగా చేయాలన్న సుకర్జ ముచ్చట మాత్రం తీరలేదు. ఆయన దాని ఊసే ఎత్తలేదు.

తెలుపూ పసుపూ బట్టలు పరిచిన మంచం మీద ముందు కదెక్ పడుకున్నాడు. లస్మిని పొద్దున్నే వాడి పళ్ళ తీగ విప్పేసింది. దవడల మధ్య చెరుకు ముక్క పెట్టి, ఆకురాయి పట్టే పెద్దాయన పని మొదలుపెట్టాడు. ఇక్కడింత, అక్కడింత, తాకీ తాకనట్టు. సుకర్జ కొడుకు గడ్డం కింద రెండు చేతులూ పెట్టి పట్టుకున్నాడు. చుట్టూ పెద్దలు పద్యాలు పాడుతున్నారు. మధ్యలో కదెక్ లేచి, పసుపుపచ్చ కొబ్బరిబోండంలో ఉమ్మి, "అబ్బా!" అన్నాడు.

సుకర్జ పెద్దగా నవ్వాడు. నలుగురూ తిరిగి చూశారు. అందులో నవ్వడానికి ఏముందో వాళ్ళకు అర్థం కాలేదు. లస్మినికి మాత్రం అర్థమైంది.

తర్వాత తన వంతు. రోజూ కుర్చీలో పడుకోబెట్టి, "భయమెందుకు, ఏమీ కాదు," అని జనానికి ధైర్యం చెప్పే డాక్టరమ్మ, ఆకురాయి కనిపించగానే తల్లి చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. చివర్లో అద్దం చేతికిచ్చారు. సూదుల్లాంటి కోరపళ్ళు మెత్తబడి ఉన్నాయి. మొహం కొత్తగా ఉంది, తనదిగానే ఉంది.

"ఇప్పుడెన్ని మార్కులమ్మా?"

"తొమ్మిది."

"పది ఎందుకు కాదు?"

"నా చెయ్యి చూడు, రక్కేశావు. దానికొకటి తీసేశాను."

ఆపరేషన్ రోజు కదెక్‌ని తోపుడు మంచం మీద లోపలికి తీసుకెళ్ళారు. వాడు తండ్రికి పళ్ళన్నీ చూపించి నవ్వాడు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తలుపులు మూసుకున్నాయి. సొంతవాళ్ళు కదా, లస్మినిని లోపలికి రానివ్వలేదు. లోపల ఏం జరుగుతోందో అంగుళం అంగుళం తెలిసినదాని కన్నా ఏమీ తెలియనివాళ్ళే నయం. ఎముక ఎక్కడ కోస్తారో, ఏ నరం పక్కనుంచి పోతుందో అన్నీ కళ్ళకు కడుతున్నాయి. ఆ వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది. రసిని కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ కూర్చుంది.

ఎక్కడో గురక వినిపించింది. లస్మిని వెనక్కి తిరిగి చూసింది. సుకర్జ గోడకు తల ఆనించి, నోరు తెరుచుకుని, ఒళ్ళు మరిచి నిద్రపోతున్నాడు. ఆ తెరిచిన నోట్లో, ముందుకొచ్చిన కింది దవడ వెనక, ఎప్పుడో ఎవరో ప్రేమగా అరగదీసిన ఆరు పళ్ళు తిన్నగా కనిపిస్తున్నాయి. ఆపరేషన్‌కి రోజు పెట్టినప్పటి నుంచి ఆయన కంటి మీద కునుకు లేదని తల్లి చెప్పింది. మత్తిచ్చి కోస్తున్న ఇదే గంటలో, ఈ తలుపు బయటే, ఆయనకు నిద్ర పట్టింది.

తన చేతిలోని ఏ మందూ ఆయనకు ఈ నిద్ర ఇవ్వగలిగేది కాదనుకుంది లస్మిని. అది తలుచుకుంటే ఏడుపు ఆగలేదు.

చాలాసేపటికి ప్రొఫెసర్ విరత్మ తలుపు తోసుకుని వచ్చి, మొహం మీది గుడ్డ కిందికి లాగాడు. "అంతా బాగా జరిగిందమ్మా. దవడ అనుకున్న చోటే కూర్చుంది. లేచాడు కూడా. మాట్లాడలేడుగా, నాన్న ఎక్కడని చేత్తో సైగ చేస్తున్నాడు."

రసిని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. లస్మిని ఊపిరి పీల్చుకుని, తండ్రి భుజం తట్టింది. ఆయన ఉలిక్కిపడి లేచి, మూతి తుడుచుకున్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది నాన్నా. కదెక్ లేచాడు. నిన్ను అడుగుతున్నాడు."

సుకర్జ హడావుడిగా చెప్పులు వెతుక్కుంటూ కూతురి మొహం చూసి ఆగాడు. "మరి నువ్వెందుకే ఏడుస్తున్నావు?"

"నువ్వు నిద్రపోయావు నాన్నా."

"ఓసి పిచ్చిదానా, నిద్రొస్తే పోనా?" అన్నాడు సుకర్జ. ఒక కాలికే చెప్పు తొడుక్కుని, కొడుకు దగ్గరికి పరుగు లాంటి నడకతో వెళ్ళాడు.