ఎడమ పక్క కండక్టరు

ఉదయం ఏడింటికల్లా ఆ ఇంటి హాల్లో బస్సు బయల్దేరుతుంది. భోజనాల బల్ల చుట్టూ ఉండాల్సిన కుర్చీలు నాలుగూ రెండు వరసలుగా హాల్లోకి వచ్చేస్తాయి. ముందు కుర్చీలో తాతయ్య, చేతిలో స్టీలు పళ్ళెమే స్టీరింగు. ఆయన వెనక, ఎడమ పక్క కుర్చీలో ఎనిమిదేళ్ళ బుడ్డి.

"రైట్ రైట్! హోల్డాన్, ఎడమ పక్క సైకిల్! ఆ, వెళ్ళిపోయింది. రైట్!"

తాతయ్య ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఒక్క ప్రమాదం కూడా చేయనందుకు డిపో వాళ్ళిచ్చిన బిళ్ళ అద్దాల బీరువాలో అందరికీ కనపడేలా ఉంటుంది. అలాంటి డ్రైవరుకి మనవరాలు కండక్టరు కావడంలో వింతేమీ లేదని కోడలు వంటింట్లోంచి చూసి నవ్వుకునేది. ఈ రెండు నెలలుగా మాత్రం ఆమెకు నవ్వు రావడం లేదు. బుడ్డి నవ్వడం లేదు మరి. కనుబొమలు ముడిచి, కిటికీ లేని గోడవైపు కళ్ళార్పకుండా చూస్తూ, పరీక్షకు చదివినట్టు అరుస్తోంది.

"చాల్లేవే, పాలు చల్లారిపోతున్నాయి," అంది కోడలు.

"ఇంకొక్క ట్రిప్పమ్మా. మధ్యలో దిగకూడదు."

కోడలు టీ గ్లాసు తెచ్చి మామగారి కుడిచేతి పక్కన పెట్టి, తన అన్నం డబ్బా సర్దుకోవడానికి వెళ్ళింది. ఆమె బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. భర్తకు నీటి పంపులు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం, వారంలో సగం రోజులు ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. అత్తగారికి మూత్రపిండాలు పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. పొద్దున్నే ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళడం, మధ్యాహ్నం ఆవిడని ఎక్కించుకుని, దారిలో బడి దగ్గర బుడ్డిని కూడా ఎక్కించుకుని ఇంటికి రావడం, అన్నీ మామగారే. ఆ ఇల్లు నడిచేది ఆయన చేతుల మీద, ఆ పెద్ద బండి చక్రాల మీద.

ఆ బండికో చరిత్ర ఉంది. వాళ్ళ వీధి చివర ఎత్తు ఉంది. వానొస్తే అక్కడ రోడ్డన్నది ఉండదు, బురదే. రెండేళ్ళ కిందట పాత చిన్న కారు సరిగ్గా డయాలసిస్ రోజునే అందులో కూరుకుపోయింది. ఊపిరందని అత్తగారిని పక్కింటివాళ్ళు కుర్చీతో సహా మోసుకుపోయారు. ఆ వారమే భర్త ఒట్టు పెట్టుకున్నాడు, కొంటే నాలుగు చక్రాలకూ బలం అందే బండే కొనాలని. నాలుగు నెలలు ఫోనులో ఆ బండి ఓనర్ల గ్రూపులో చదివాడు. కొన్నాక రాయడం మొదలుపెట్టాడు. "ఎత్తు మీద దీనికి ఎదురు లేదు. సీటు ఎత్తుగా ఉంది కాబట్టి పెద్దవాళ్ళు నడుం వంచకుండా ఎక్కుతారు. ఇరవై వేల కిలోమీటర్లు, ఒక్క ఇబ్బంది లేదు." ఆదివారం భర్త దాన్ని తుడుస్తుంటే "మీ రెండో పెళ్ళాం అలంకారం అయిందా?" అని కోడలు ఎత్తిపొడిచేది.

ఆమెకూ లైసెన్సుంది. తొలిరోజే గేటు స్తంభానికి గీరింది. "నీకెందుకమ్మా ఈ తిప్పలు? ఇంట్లో డ్రైవర్ని పెట్టుకుని!" అన్నారు మామగారు నవ్వుతూ. ఆమె గుండెల మీద బరువు దిగినట్టయింది. మళ్ళీ ఆ తాళం ముట్టుకోలేదు.

పదిహేను రోజులుగా ఆ బండి మలుపు తిరిగేటప్పుడు మూలుగుతోంది. ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఆగి ఆగి కదులుతోంది. మంగళవారం పొద్దున భర్త దాన్ని సర్వీసులో వదిలి, పక్క ఊరికి పనిమీద పోయాడు.

పదకొండింటికి ఫ్యాక్టరీలో నలభై పొరల గుడ్డ మీద ఆమె కత్తి మిషను నడుపుతుండగా ఫోనొచ్చింది. "మీవారి ఫోను కలవడం లేదండీ. ఒకసారి వచ్చి చూస్తే మంచిది," అన్నాడు సర్వీసాయన.

భోజన విరామంలో వెళ్ళింది. బండి పైకి లేపి ఉంది.

"ముందు ఎడమ టైరు మీరెప్పుడు మార్చారు?" అని అడిగాడాయన.

"మార్చలేదే."

"చూడండి మరి."

ఆమె చూసింది. బతుకంతా గుడ్డ మీద గీతకు గీత, పువ్వుకు పువ్వు కలిపే మనిషికి చెప్పాలా? మూడు టైర్ల మీది గాడులు ఒక రకం, అరిగి నున్నబడ్డాయి. నాలుగోదానివి వేరే రకం, లోతుగా ఉన్నాయి.

"మామూలు బండైతే ఏదోలా లాక్కొచ్చేది. దీనికి నాలుగూ ఒకేలా అరగాలి. కొత్త టైరు కాస్త పెద్దది, తక్కువసార్లు తిరుగుతుంది. అది చూసి, మిగతావి జారుతున్నాయనుకుని ముందుకూ వెనక్కూ బలం పంచే భాగం ఒకటే లాగడం. విశ్రాంతి లేక లోపల కాలిపోయింది."

"అంటే ఆ టైరు పంక్చరైతే..."

"పంక్చరు కాదమ్మా. చక్రం అంచు వంగితే సుత్తితో కొట్టి సరిచేశారు. ఇది గుంతలో పడితే వచ్చే దెబ్బ కూడా కాదు. ఫుట్‌పాత్ ఎక్కితే వచ్చేది."

ఆ బండి నడిపేది ఇంట్లో ఇద్దరే. ఒకాయన చిన్న గీత పడితేనే రెండు రోజులు అన్నం మానేసే రకం.

సాయంత్రం భర్త బూట్లు విప్పకముందే మొదలుపెట్టాడు. సర్వీసాయన అతనికీ ఫోన్ చేసి చెప్పాడు.

"ఇంట్లో ఉండేదానివి, నువ్వు చూసుకోవద్దా?"

"నేనింట్లో ఉంటున్నానా? ఆదివారం ఆదివారం తుడిచేది మీరు. మీ కళ్ళకు కనపడలేదేం?"

అతను వంగి బూట్లు విప్పుకున్నాడు. మంచం మీద పడుకున్న అత్తగారు గోడవైపు తిరిగింది. బల్ల దగ్గర బుడ్డి లెక్కలు చేసుకుంటోంది.

"నేనే మార్పించాను," అన్నారు మామగారు, పేపరు దించకుండానే. "గుంతలో పడింది. టైరు పోయింది. మా డిపోలో పనిచేసినవాడే కొత్తది వేశాడు. అయిపోయిందానికి ఇంత రాద్ధాంతమెందుకు?"

"నాలుగూ ఒకేలా ఉండాలి నాన్నా! గ్రూపులో ఎంతమందికి చెప్పానో నేను!"

"మీ గ్రూపులో ఎవడైనా ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాడా? ఒక టైరు పోతే ఒక టైరు మార్చేవాళ్ళం. ఏ బస్సూ ఏడవలేదు."

"గుంత కాదు మామయ్యా," అంది కోడలు నెమ్మదిగా. "ఫుట్‌పాత్ ఎక్కిందట."

"ఆ కుర్రకుంకకేం తెలుసు!" ఆయన పేపరు విసిరికొట్టారు. "ఎవడో చెప్పాడని నన్ను నిలబెట్టి అడుగుతున్నావా అమ్మాయ్?"

"తాతయ్యని తిట్టకండి."

బుడ్డి లేచి నిలబడింది. చేతిలో పెన్సిలు అలాగే ఉంది.

"తాతయ్య తప్పు కాదు. నేనే చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?"

"ఆ రోజు నానమ్మ పడుకుంది. నాకూ నిద్రొచ్చింది. ఒక్కసారే కళ్ళు మూసుకున్నానమ్మా. హోల్డాన్ అనలేదు. బండి ఫుట్‌పాత్ ఎక్కేసింది. అక్కడ పాపని ఎత్తుకుని ఒక ఆంటీ ఉంది. వెనక్కి దూకి పడిపోయింది. పాప బాగా ఏడ్చింది." బుడ్డి గడగడా చెప్పేసి ఊపిరి పీల్చుకుంది. "ఇంకెప్పుడూ పడుకోలేదు నేను. రోజూ పొద్దున ప్రాక్టీసు కూడా చేస్తున్నా కదా."

కోడలికి ఒక్కొక్కటే అర్థమైంది. పొద్దున్నే కుర్చీలు, కళ్ళార్పని చూపు, మధ్యలో దిగకూడదన్న మాట. అది ఆట అనుకుని తను పాలు కలుపుతూ కూర్చుంది.

అత్తగారు మంచం మీదే లేచి కూర్చుంది. "ఇక దాచకండి," అంది మామగారితో. ఆగకుండా తనే చెప్పింది. "ఎడమ కంట్లో నరం ఎండిపోయిందన్నాడు డాక్టరు. ఎనిమిది నెలలైంది. ఆ కంటికి చీకటే. బండి ముట్టుకోవద్దన్నాడు. వెళ్ళేటప్పుడు పక్కన కూర్చుని నేను చెప్తాను, సైకిలొస్తోంది, ఆటో ఆగింది అని. వచ్చేటప్పుడు నాకు ఒళ్ళు తెలీదు. కళ్ళు మూతలు పడతాయి. అందుకని దీనికి నేర్పాం. ఆటలాగే నేర్పాం."

"ఆటా?" భర్త గొంతు చీలిపోయింది. "ఎనిమిదేళ్ళ పిల్ల చెప్తే నడిపావా? చంపేసేవాడివి నాన్నా! నా కూతుర్ని, అమ్మని, రోడ్డు మీద ఎవరో పిల్లని చంపేసేవాడివి!"

"అవును," అన్నారు మామగారు. ఆ ఒక్క మాటకే ఆయన పదేళ్ళు పెద్దవారైపోయినట్టు కనిపించారు. "ఇంకేం చేయమంటావురా? నువ్వు ఊళ్ళో ఉండవు. అమ్మాయికి సెలవివ్వరు. మీ అమ్మ ఏమందో తెలుసా? నా కోసం వాళ్ళు ఉద్యోగాలు మానుకుంటే ఆ సూదులు నాకొద్దు, ఇంట్లోనే పోతానంది. మీరు నడిపితే వస్తానంది. నేను నడపనంటే నా చేత్తో నేనే దాన్ని పంపించేసినట్టు."

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది.

కోడలికి నోటినిండా మాటలున్నాయి. నా కూతురి ప్రాణంతోనా మీ ఆటలు అని అరవాలనుంది. నోరు తెరిచింది కూడా. బల్ల మీద మామగారి టీ గ్లాసు కనిపించింది, ఆయన కుడిచేతి పక్కన. ఇందాక తను పెట్టింది. ఇప్పుడే కాదు, చాలా నెలలుగా అక్కడే పెడుతోంది. ఎడమ పక్క పెడితే ఆయన చెయ్యి తగిలి ఒలికిపోతోందని ఎప్పుడో మార్చింది. ఆయన గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకుంటే "మామయ్యా, మన తలుపు మీకు దారివ్వట్లేదు" అని నవ్వింది. ఆమె చేతులకు ఎప్పుడో తెలిసిపోయింది. అడిగితే తాళం తన చేతికొస్తుందని, వారానికి మూడు రోజులు ఫ్యాక్టరీలో తిట్లు తినాల్సొస్తుందని, ఆ సంగతి తలదాకా రానివ్వలేదు.

"నాకు తెలుసు మామయ్యా," అంది. ఏడుపు ఆపుకోలేకపోయింది. "మీ గ్లాసు ఎటు పెట్టాలో తెలిసినదాన్ని నేను. అయినా నా బిడ్డని ఆ బండెక్కించాను. నాకు హాయిగా ఉంది కాబట్టి అడగలేదు."

భర్త ఆమె వైపు చూసి, కుర్చీలో కూలబడ్డాడు. వారం వారం చక్రాలు తుడిచిన మనిషి. టైరు వేరేదని అతని చేతులకు మాత్రం తెలియదా? ఆ మాట ఆమె మళ్ళీ అనలేదు. అతని మొహం చూస్తే అనక్కర్లేదనిపించింది.

మామగారు లేచి బుడ్డి దగ్గరకు వచ్చారు. మోకాళ్ళు పట్టేసినా కింద కూర్చున్నారు.

"ఇలా చూడు కండక్టరూ. డిపోలో ఒక రూలుంది. బండి ఎవర్నైనా గుద్దితే కండక్టర్ని అడగరు. డ్రైవర్నే అడుగుతారు. నీకు నిద్రొస్తే పడుకోవాలి. తప్పు నాది."

"మరి నేను చెప్పి ఉంటే?"

ఆయన పిల్లని గుండెకు అదుముకున్నారు. తరవాత అద్దాల బీరువా తీసి, ఆ బిళ్ళని లోపలి సొరుగులో పడేసి, బండి రెండో తాళం కోడలి చేతిలో పెట్టారు.

భర్త సోమవారాలు ఊళ్ళు తిరగనని కంపెనీకి రాసిచ్చాడు. బుధ, శుక్రవారాలకు ఆమె షిఫ్టు మార్చుకుంది. సూపర్‌వైజరు అనాల్సినవన్నీ అన్నాడు, ఆమె తల వంచుకుని విన్నది. "నేను రాను," అని అత్తగారు మొండికేస్తే, "మీరు రాకపోతే నేనూ పనికి పోను, ఇద్దరం ఇంట్లోనే కూర్చుందాం," అని చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టింది.

మరుసటి శుక్రవారానికి బండి బాగై వచ్చింది, నాలుగు టైర్లూ ఒకటే రకం. అప్పటిదాకా పక్కింటివాళ్ళ బండితో సర్దుకున్నారు. గేటు స్తంభం దగ్గర ఆమె బండి ఆపింది. అన్నిటికీ ఆయన మీద ఆధారపడే అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి, "ఎడమ పక్క ఎవరైనా వస్తున్నారా మామయ్యా?" అని అడిగేసింది.

వెనక సీట్లో ఆయన ముందుకు వంగారు.

"నాకు కనపడదమ్మా," అన్నారాయన. "నువ్వే చూసుకోవాలి."

ఆ మాట ఆయన తన నోటితో అనడం అదే మొదలు. ఆమె మెడ తిప్పి చూసుకుని, గేటు దాటింది.

మధ్యాహ్నం బడి దగ్గర బుడ్డి ఎక్కింది. అలవాటుగా ఎడమ కిటికీకి అతుక్కుని కూర్చుంది.

"నేను చెప్పక్కర్లేదా అమ్మా?"

"అక్కర్లేదు తల్లీ. పడుకో."

ముందు సీట్లో అత్తగారు అప్పటికే నిద్రలో ఉంది. బుడ్డి కాసేపు రోడ్డునే చూసింది. నాలుగు వీధులు దాటేసరికి తల తాతయ్య ఒళ్ళోకి జారింది. కోడలికి ప్రాణం కుదుటపడింది. మలుపు దగ్గర బండి మూలగలేదు.

అప్పుడు వెనక నుంచి, నిద్రలోనే, "హోల్డాన్!" అని బుడ్డి కేక పెట్టింది.

ఆమె బ్రేకు తొక్కేసింది. ఎడమ పక్క చూసింది, కుడి పక్క చూసింది. రోడ్డు మీద ఎవరూ లేరు. వెనక్కి తిరిగి చూస్తే బుడ్డి కళ్ళు మూసుకునే ఉంది. ఆ కళ్ళ మీద రెండు చేతులూ కప్పి, తాతయ్య శబ్దం రాకుండా ఏడుస్తున్నారు.